శాశ్వత పంట: పాతికేళ్ల నిర్ణయం

ఒకసారి నాటిన పిమ్మట ఏటా విత్తనవసరం లేకుండా దీర్ఘకాలం ఫలసాయమిచ్చే రబ్బరు, కొబ్బరి, కాఫీ, మామిడి, ఆయిల్‌పామ్ వంటివాటిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ శాశ్వత పంటలుగా పరిగణిస్తుంది. కలప కోసం పెంచే చెట్లు ఈ లెక్కలోకి రావు. భారతదేశ భూభాగంలో వీటి వాటా నూటికి నాలుగైదు పాళ్లు. మలేసియాలో అది ఐదో వంతుకు మించింది. ఏటా దున్ని విత్తే నేల మాత్రం మలేసియాలో నూటికి మూడు పాళ్లయినా లేదు.

ఈ పరిస్థితి ప్రకృతి సిద్ధంగా ఏర్పడినది కాదు. 1877లో సింగపూరు చేరిన రబ్బరు మొక్కలు, 1917లో సెలాంగోర్‌లోని తెన్నమరం ఎస్టేటులో మొదలైన వాణిజ్య ఆయిల్‌పామ్ సాగు ఇందుకు పునాదులు. ఆ తోటలను పెంచినవారిలో విశాఖ, గోదావరి ప్రాంతాల నుండి వలస వచ్చిన తెలుగు శ్రామికులు కూడా ఉన్నారు.

ఆయిల్‌పామ్ సామర్థ్యం కాదనలేనిది. హెక్టారు సోయా నుండి అర టన్ను నూనె లభిస్తే, ఈ చెట్ల నుండి సుమారు మూడు టన్నులు లభిస్తుంది. అయితే దానికి చెల్లించే మూల్యమూ ఉంది. మలేసియా తాను తినే బియ్యంలో గణనీయమైన భాగం దిగుమతి చేసుకుంటోంది. తోటల కోసం నీరు తోడివేసిన పీట్ నేలల్లో, వేల ఏళ్లుగా నిలువ ఉన్న కర్బనం ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువుగా వెలువడుతుంది. 2019లో మలేసియా ప్రభుత్వం ఆయిల్‌పామ్ విస్తీర్ణానికి 65 లక్షల హెక్టార్ల పరిమితిని ప్రకటించింది.

ఇప్పుడు అదే చెట్టు తెలుగు రాష్ట్రాలలో విస్తరిస్తోంది. 2021లో భారత ప్రభుత్వం ప్రకటించిన జాతీయ పథకం, 2025-26 నాటికి దేశంలో 10 లక్షల హెక్టార్ల సాగును లక్ష్యంగా నిర్ణయించింది. వంటనూనెల దిగుమతి తగ్గాలన్న ఆశయం సమంజసమే. కాని మలేసియాలో ఏడాది పొడవునా కురిసే వాన 2,000 మిల్లీమీటర్లకు పైబడి ఉంటుంది. గోదావరి జిల్లాలలో ఇంచుమించు అందులో సగమే. అదీ అధికభాగం కొద్ది నెలలలోనే కురుస్తుంది. వేసవిలో ఆ చెట్టు దాహం తీర్చవలసినది బోరుబావి.

విదేశాలలో స్థిరపడిన భూయజమానికి తోట సౌకర్యంగా కనిపించడం సహజం. ఏటా విత్తనాల చింత లేదు, కౌలు మాటలు లేవు. కాని ఆ సౌకర్యానికి మరొక పేరు కౌలు రైతు ఉపాధి కోల్పోవడం. వరి వేసిన రైతు వచ్చే కారుకు మనసు మార్చుకోగలడు. ఆయిల్‌పామ్ వేసిన నేల సుమారు పాతికేళ్లు మాట మార్చలేదు. కనుక ఊరి పొలంలో తోట వేయించదలచిన ప్రవాస కుటుంబం నూనె ధర కంటె ముందు రెండు సంగతులు విచారించాలి: ఆ బావిలో నీరు ఎంత లోతున ఉన్నది, ఆ పొలాన్ని ఇంతకాలం దున్నినది ఎవరు.