పదవి ఆశంటే తప్పేంది?

దొర కొడుకు టికెట్టు అడిగితే అది నాయకత్వ లక్షణం. తండ్రి కుర్చీ తనకే కావాలంటే వారసత్వం. మా ఆడది అదే టికెట్టు అడిగితే పదవి పిచ్చి. 'సేవ చేయాలంటే పదవే కావాల్నా?' అని అడుగుతరు. సేవ మాకు కొత్తగా నేర్పుతున్నరా? మీ వాకిళ్లు ఊడ్చినం, మీ దొడ్లు కడిగినం, మీ పసులు సస్తే ఎత్తేసినం. చేసిన సేవ చాలు. ఇప్పుడు కుర్చీ కావాలె.

ఈ ఆశ నిన్న మొన్నటిది కాదు. మా అల్వాల్ పక్కనే బొల్లారం. టి.ఎన్. సదాలక్ష్మి అక్కడి బిడ్డ. మెహతర్ కులం. పాయఖానాలెత్తే పని తరతరాలుగా ఎవరి నెత్తిన పెట్టారో ఆ కులం. 1957లో ఎమ్మెల్యే అయింది. 1960లో డిప్యూటీ స్పీకరయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ ఆమే. ఒక్కసారి ఊహించండి: ఆమె అనుమతిస్తే మాట్లాడాలె, ఆమె కూర్చోమంటే కూర్చోవాలె. 'అధ్యక్షా' అని లేవాల్సింది ఎవరు? దేశ్‌ముఖుల బిడ్డలు, జమీందార్ల బిడ్డలు! తర్వాత దేవాదాయ శాఖ మంత్రయింది. మా అవ్వ బతికినన్నాళ్లు ఏ గుడి గడపా దాటలేదు. దూరం నుంచే దండం పెట్టి వచ్చేది. ఆ అవ్వ బతికున్న రోజుల్లోనే గుళ్ల ఫైళ్లు ఒక మెహతర్ స్త్రీ సంతకం కోసం ఆగినయి.

ఇదంతా కాంగ్రెస్ పెట్టిన భిక్ష అని చెప్పేవాళ్లున్నారు. భిక్షే అయితే 1967 తర్వాత ఆమె మూల కూర్చోవాలె గదా. ఆ ఏడు ఎల్లారెడ్డిలో ఓడిపోయింది. ఓడించింది దొర కాదు, రిపబ్లికన్ పార్టీ జె. ఈశ్వరీబాయి. చిలకలగూడలో పుట్టిన మాల స్త్రీ. ఇద్దరు దళిత స్త్రీలు ఎదురెదురుగా నిలబడి కొట్లాడిన ఆ ఎన్నికను మన చరిత్రకారులు ఎందరు పట్టించుకున్నారు? రెండేళ్లకే, 1969లో, ఇద్దరూ ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఉన్నారు. 1994లో మాదిగ దండోరా లేచేనాటికి సదాలక్ష్మికి అరవై అయిదేండ్లు. మాజీ మంత్రినని ఇంట్లో కూర్చోలేదు, వర్గీకరణ కావాలని ఆ పిల్లలతోపాటు నడిచింది. 2004లో పోయింది. అదే ఏడు సుప్రీంకోర్టు వర్గీకరణను కొట్టేసింది. చెల్లుతుందని చెప్పడానికి దానికి 2024 దాకా పట్టింది.

నా సంగతి చిన్నది. అల్వాల్ మునిసిపాలిటీగా ఉన్న రోజుల్లో (2007లో గ్రేటర్‌లో కలిపిండ్రు) కౌన్సిలరుగా నిలబడతానని ఒక పార్టీ ఆఫీసుకు పోయిన. అక్కడున్నది అగ్రకులపోడైతే ఇంత బాధ లేకపోవు. మనోడే. ఏప్రిల్ 14న మైకు పట్టేటోడే. 'అక్కా, బావను నిలబెడదాం, నువ్వు ఇల్లిల్లు తిరిగి బొట్టుపెట్టి ఓట్లడుగు' అన్నడు. వార్డు మహిళలకు పోతే? 'అప్పుడు నీ పేరే రాద్దాం, పని బావ చూసుకుంటడు' అన్నడు. టికెట్టు రాలేదు. ఇండిపెండెంటుగా నిలబడ్డ, ఓడిన. మళ్లీ నిలబడ్డ.

స్త్రీవాద అక్కలతోనూ నాకు పేచీ ఉంది. ఆకాశంలో సగం అంటరు, ఆ సగంల మా వాడ ఎక్కడుందో చూపరు. సదాలక్ష్మి బతుకు కథ పుస్తకంగా రావాలంటే దళిత రచయిత్రి గోగు శ్యామలే పూనుకోవాల్సి వచ్చింది. 'నేనే బలాన్ని' 2011లో గాని అచ్చు కాలేదు. ఇక దళిత ఉద్యమ చరిత్ర చెప్పే అన్నలకు భాగ్యరెడ్డివర్మ, బి.ఎస్. వెంకట్రావు, అరిగె రామస్వామి పేర్లు నోటికొస్తయి. మంచిదే. ఆ ఊపులో ఈ ఇద్దరి పేర్లు రావేం?

2023లో పార్లమెంటు మహిళా రిజర్వేషన్ చట్టం చేసింది. చట్టసభల్లో మూడోవంతు, ఎస్సీ సీట్లలో కూడా మూడోవంతు స్త్రీలకు. జనగణన కావాలె, నియోజకవర్గాల పునర్విభజన కావాలె అని దానికి ముడేసిండ్రు. ఆ ముడి విప్పినాక అడిగితే లాభం లేదు, ఇప్పుడే అడగాలె. అన్నలారా, మీ జేబుల్లో ఉన్న లిస్టు తీయండి. మీ భార్యల పేర్లు, బిడ్డల పేర్లు పక్కన పెట్టి, వాడల్లో ఇరవై ఏండ్లుగా తిరుగుతున్న ఆడోళ్ల పేర్లు ఎన్ని ఉన్నయో మైకుల చదివి వినిపించండి.