సప్లీ రాసినా చెరగని ఎఫ్

మన ఇళ్లల్లో ‘సప్లీ’ అనే మాట ఇచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు. సబ్జెక్ట్ పోయిందా? సప్లీ రాస్తాడు. మార్కులు తగ్గాయా? ఇంప్రూవ్‌మెంట్ ఉంది. నీట్‌లో ర్యాంకు రాలేదా? లాంగ్‌టర్మ్‌లో చేరతాడు. రెండోసారి మంచి ర్యాంకు కొడితే, మొదటిసారి ఎంతొచ్చిందని కౌన్సెలింగ్‌లో ఎవరూ అడగరు.

అమెరికాలో మెడిసిన్ చదవాలనుకునే మనవాళ్ల పిల్లలకి మాత్రం ఈ ధైర్యం పనికిరాదు. అక్కడ మామూలుగా నాలుగేళ్ల డిగ్రీ అయ్యాకే మెడికల్ స్కూల్. ఎంక్యాట్ స్కోరుతో పాటు ఆ డిగ్రీ జీపీఏ కూడా చూస్తారు.

ఈ మధ్య ఒహాయోలో చదువుతున్న మా అక్క కూతురు ఫోన్ చేసింది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎఫ్ వచ్చిందట. “మళ్లీ తీసుకుని ఏ తెచ్చుకున్నా మావయ్యా. కాలేజీ వాళ్లు పాత గ్రేడ్ లెక్కలోంచి తీసేశారు. ఇంక ఎఫ్ లేనట్టే కదా?” అంది. లేనట్టేనమ్మా అనాలనిపించింది. కానీ ఉంది.

ఎందుకంటే ఎక్కువ శాతం ఎండీ కాలేజీలకి అప్లికేషన్ వెళ్లేది ఆమ్‌కాస్ అనే ఒకే సర్వీస్ ద్వారా. అది కాలేజీ వేసిన జీపీఏని తీసుకోదు. చదివిన ప్రతి కోర్సు, ప్రతి గ్రేడ్ మనచేతే ఎంటర్ చేయించి, ట్రాన్‌స్క్రిప్ట్‌తో సరిచూసి, సొంతంగా లెక్కేస్తుంది. అందులో ఎఫ్ కూడా ఉంటుంది, తర్వాత వచ్చిన ఏ కూడా ఉంటుంది.

లెక్క చూడండి. ఒకమ్మాయికి 56 క్రెడిట్లలో 3.7 జీపీఏ ఉందనుకుందాం. నాలుగు క్రెడిట్ల కోర్సులో ఎఫ్ వస్తే అది 3.45కి పడిపోతుంది. మళ్లీ చదివి ఏ తెచ్చుకుంటే, పాత గ్రేడ్ తీసేసే కాలేజీ రికార్డులో 3.72 కనిపిస్తుంది. ఆమ్‌కాస్‌లో మాత్రం 3.49. ఎండీ సీటు వచ్చినవాళ్ల సగటు 3.7 పైనే ఉండే చోట ఈ తేడా చిన్నది కాదు. పైగా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌కి కలిపి ఇంకో జీపీఏ వేస్తారు. అందులో క్రెడిట్లు తక్కువ కాబట్టి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది.

“డీఓ కాలేజీలకైతే కొత్త గ్రేడే లెక్క” అని సీనియర్లు చెబుతుంటారు. అది పాత ముచ్చట. 2017 నుంచి అక్కడా అన్నీ కలుపుతున్నారు. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలకి వేరే అప్లికేషన్ ఉంది, అదీ రెండు గ్రేడ్లూ లెక్కేస్తుంది.

మరి మధ్యలో వదిలేస్తే? గడువులోగా విత్‌డ్రా అయితే డబ్ల్యూ పడుతుంది. జీపీఏకి ఏమీ కాదు. పైన చెప్పిన అమ్మాయే ముందు డబ్ల్యూ తీసుకుని, తర్వాత ఏ తెచ్చుకుని ఉంటే 3.72 నిలబడేది. ఒక డబ్ల్యూని పెద్దగా పట్టించుకోరు. వరసగా నాలుగైదుంటే మాత్రం ఎందుకని అడుగుతారు. గడువు దాటాక వదిలితే కొన్ని కాలేజీలు డబ్ల్యూఎఫ్ ఇస్తాయి. వాళ్లు దాన్ని ఫెయిల్‌గా చూస్తే ఆమ్‌కాస్ కూడా అలాగే చూస్తుంది.

ఇన్‌కంప్లీట్ ఇంకో రకం. ఒంట్లో బాగోకో, ఇంట్లో కష్టం వచ్చో ఫైనల్ రాయలేకపోతే ప్రొఫెసర్ ‘ఐ’ ఇస్తారు. అలా ఉన్నంతవరకూ లెక్కలోకి రాదు. హమ్మయ్య అనుకుని మర్చిపోతేనే ముప్పు. మిగిలిన పని చెప్పిన తేదీలోగా ఇవ్వకపోతే చాలా కాలేజీల్లో అదే ఎఫ్‌గా మారిపోతుంది.

పోనీ ఆ కోర్సు చూపించకుండా వదిలేస్తే? ఆ పని అస్సలు చేయొద్దు. హైస్కూల్లో ఉండగా చేసిన కాలేజీ కోర్సైనా సరే, అన్నీ చూపించాల్సిందే. ఎఫ్ ఉన్నా సీటు రావచ్చు. దాచినట్టు తేలితే విచారణ దాకా వెళ్తుంది.

మా అమ్మాయికి కూడా దారి మూసుకుపోలేదు. అప్లికేషన్‌లో ఏడాదివారీ జీపీఏ కూడా కనిపిస్తుంది. ఒక ఏడాది కిందపడి, తర్వాత రెండేళ్లు నిలకడగా పైకెళ్తే అది చూసేవాళ్లకి తెలుస్తుంది. డిగ్రీ అయ్యాక పోస్ట్‌బ్యాక్ కోర్సులు చేసినా ఆ గ్రేడ్లు అదే జీపీఏలో కలుస్తాయి. మాస్టర్స్ గ్రేడ్లు మాత్రం విడిగా ఉంటాయి.

అందుకే సబ్జెక్ట్ జారిపోతోందని మిడ్‌టర్మ్‌లో తెలియగానే అడ్వైజర్‌ని కలవండి. ఎఫ్-1 వీసా అయితే క్రెడిట్లు తగ్గించే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అనుమతి తీసుకోండి. లేకపోతే స్టేటస్‌కే ఎసరు. అమ్మానాన్నలకి కూడా అప్పుడే చెప్పండి. డబ్ల్యూ అని చెప్పడం ఆ రోజుకి కష్టమే, ఎఫ్ అని చెప్పడం ఇంకా కష్టం.

ఇంతకీ మీ కాలేజీలో ఈ సెమిస్టర్ విత్‌డ్రా ఆఖరి తేదీ ఎప్పుడు? తెలియకపోతే ఇప్పుడే చూసి, దానికి వారం ముందుకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.