రేపు ఎవరిది?

"దళితులకు ఇవాళ్టి కూలి తప్ప రేపటి ఆలోచన లేదు. అందుకే చెట్టన్నా, నీళ్ళన్నా వాళ్ళకు పట్టదు." ఈ మాట ఆఫీసుల్లోనూ వింటున్నాం, రచ్చబండ దగ్గరా వింటున్నాం. పర్యావరణ చట్టాలకు జనం మద్దతు లేదని బాధపడే పెద్దమనుషులు ముందు మనవైపే వేలు చూపిస్తారు.

ఇది అబద్ధం. పస్తున్న రోజున కూడా విత్తనాల కుండ ముట్టని ఆడవాళ్ళు మన వాడల్లో ఉన్నారు. తాము తినీ తినకా పిల్లల్ని హాస్టలుకు పంపిన తల్లిదండ్రులున్నారు. రేపటి ఆలోచన అంటే ఇది కాదా? మనకు లేనిది ఆలోచన కాదు, ఆ రేపటి మీద హక్కు.

రొయ్యల చెరువుల సంగతే చూడండి. 1990ల్లో నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా తీరం పొడుగునా చెరువులు తవ్వారు. వరి పొలమైతే నాట్లకూ, కలుపుకూ, కోతకూ వాడంతటికీ పని. రొయ్యల చెరువుకు కాపలా మనుషులు కొద్దిమంది చాలు. ఉప్పునీరు పక్క పొలాల్లోకి ఊరింది, బావుల్లోకి దిగింది. డబ్బున్నోళ్ళు మంచినీళ్ళు కొనుక్కున్నారు. మన ఆడవాళ్ళు బిందెలెత్తుకుని దూరం నడిచారు.

తమిళనాడు తీరంలోనూ ఇదే జరిగింది. 1968 డిసెంబరు 25న కీళ్‌వెణ్మణిలో గుడిసెలో తలదాచుకున్న 44 మంది దళితుల్ని భూస్వాముల మూక తగలబెట్టిన ప్రాంతం అది. కృష్ణమ్మాళ్, జగన్నాథన్ దంపతులు 1981లో అక్కడ సంస్థ పెట్టి, భూస్వాముల దగ్గర భూమి కొనిపించి దళిత స్త్రీల పేర రాయించారు. ఆ తర్వాత రొయ్యల చెరువులు వచ్చిపడితే అక్కడి ఆడవాళ్ళు సత్యాగ్రహానికి కూర్చున్నారు. 1994లో జగన్నాథన్ సుప్రీంకోర్టుకెక్కారు. పర్యావరణం గురించి వాళ్ళకు పాఠాలు ఎవరు చెప్పాలి? పేరు మీద ఎకరం ఉంటే, అది పిల్లల నాటికి ఉప్పుతేలకుండా ఉండాలని ఎవరైనా కోరుకుంటారు.

1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. తీరంలో 500 మీటర్ల లోపు, పులికాట్, చిలికా సరస్సులకు 1000 మీటర్ల లోపు ఈ చెరువులు కూడదంది. సాగుభూమినీ, ఊరుమ్మడి భూమినీ చెరువులుగా మార్చొద్దంది. రాబోయే తరాలకు న్యాయం, ఇప్పుడు నష్టపోయినవాళ్ళకు పరిహారం రెండూ చూడాలంది. మూతపడే చెరువుల్లోని కూలీలకు అదనంగా ఆరేళ్ళ జీతం ఇవ్వమంది.

మరి ఏమైంది? రివ్యూ పిటిషన్లతో అమలు ఆగింది. 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి, తీరప్రాంత నిషేధం ఈ సాగుకు వర్తించదని 1991 నుంచే అమలయ్యేట్టు రాసింది. చెరువు ఆసామి రేపటి కోసం చట్టమే వెనక్కి నడిచింది! కూలోడి రేపటి కోసం ఒక్క చట్టమన్నా అట్లా నడిచిందా?

అక్కలారా, అన్నలారా! చెరువుకు గండి కొట్టే ఆర్డరు వస్తే ఆసామి మనల్నే ముందుకు తోస్తాడు, "మీ కూలి పోతుంది" అంటాడు. సర్కారేమో "భావితరాల కోసం ఓర్చుకోండి" అంటుంది. ఇద్దర్నీ రెండు ప్రశ్నలడగండి. ఇవాళ్టి నష్టం ఎవరు మోస్తారు? రేపటి లాభం ఎవరి పేర రాస్తారు? వీటికి జవాబు లేని చట్టానికి మన మద్దతు ఎందుకుంటుంది? జవాబున్న చట్టానికి మనకంటే గట్టి కాపలా ఎవరుంటారు?

ఈ పక్షం సంఘాలన్నీ ఒక పని చెయ్యాలి. వాడలో డి-పట్టా భూములెన్ని, ఏ సర్వే నంబరు ఎవరి చెరువు కింద ఉందో రాసి పెట్టండి. అసైన్డు భూమిని కొనడం, లీజుకు పట్టడం చెల్లదని 1977 చట్టం చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ 20 ఏళ్ళు దాటిన భూములకు అమ్ముకునే దారి తెరిచింది. అమ్మిన డబ్బు నాలుగేళ్ళుంటుందేమో. భూమి పోతే మన పిల్లల రేపు కూడా దాంతోనే పోతుంది.

భూమి వదలొద్దు. నీళ్ళు వదలొద్దు. రేపటిని ఎవరికీ లీజుకివ్వొద్దు.

జై భీమ్!