అక్కడి రాయికి దండం, ఇక్కడి రాయికి జిలెటిన్

2019 మే నెలలో మధ్యధరా సముద్రంలో ఓడ ప్రయాణం చేశాను. మాదాపూరులో ఒకే కార్యాలయంలో ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన నాలుగు కుటుంబాల వాళ్ళం వెళ్ళాం. తిరిగి వచ్చాక ఆ యాత్ర గురించి ఒక టపా రాయమని మిత్రులు చాలాసార్లు అడిగారు. రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం యాత్రాకథనం కాదు, ఒక ఫిర్యాదు. మొదటి ముద్దాయిని నేనే.

ఒక రాత్రి మా ఓడ స్ట్రాంబోలి ద్వీపం పక్కగా సాగింది. రెండువేల ఏళ్ళకు పైగా దాదాపు ఎడతెగకుండా నిప్పు చిమ్ముతున్న కొండ అది. నావికులు దానిని మధ్యధరా దీపస్తంభం అంటారు. ప్రకటన వినబడగానే వేలమందిమి ఓడకు ఒక పక్కకు చేరాం. చేతుల్లో ఐస్‌క్రీములు, ఫోనులు. చీకట్లో ఎర్రటి మెరుపు ఒకటి లేచి ఆరిపోయింది. అందరం చప్పట్లు కొట్టాం. మేము ఇల్లు చేరిన కొన్ని వారాలకే, జూలై 3న, అదే కొండ భీకరంగా పేలి ఒక మనిషిని బలి తీసుకుంది. ఆ వార్త చదువుతుంటే మా చప్పట్లు గుర్తొచ్చి తల వంచుకున్నాను.

మర్నాడు లిపారిలో దిగాం. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు కనుక చిన్న పడవల్లో చేర్చారు. చొక్కాకు అంకె వేసిన చీటీ, ముందు జెండా పట్టుకున్న గైడు, చివరి పడవ మూడున్నరకు. ఈ ద్వీపాలు సముద్రంలో తలెత్తడానికి రెండున్నర లక్షల ఏళ్ళు పట్టింది. మాకిచ్చినది అయిదు గంటలు. క్వాత్రోక్కి అనే మలుపు దగ్గర బస్సు ఆపారు. ఆ పేరు వినగానే మనకు బోఫోర్సు గుర్తొస్తుంది గాని, ఇటలీ భాషలో ఆ మాటకు నాలుగు కళ్ళు అని అర్థం. అక్కడ నుంచి ఎదురుగా వుల్కానో ద్వీపం కనబడుతుంది. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నిటికీ ఐరోపా భాషల్లో పేరిచ్చిన కొండ అదే. నాలుగు కళ్ళూ చాలని ఆ దృశ్యాన్ని మేము ఒక్క కెమెరా కంటితో చూసి బస్సెక్కాం.

తరువాత ఒక తెల్లని కొండవాలు చూపించారు. మంచు కురిసినట్లుంది. అగ్నిపర్వతం కక్కిన నురగరాయి అది, నీటిలో తేలుతుంది. మా ఆవిడ “రామసేతువు రాళ్ళు ఇలాగే ఉండేవేమో” అంది. నేను వరసగా ఫోటోలు తీశాను. నేను అందమనుకున్నది నిజానికి గాయమని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. ఎన్నో తరాలుగా ఆ కొండను తవ్వి అమ్ముకున్నారు. 2000లో యునెస్కో ఆ ద్వీపాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, తవ్వకాలు సాగుతుంటే అభ్యంతరం చెబుతూ వచ్చింది. చివరికి 2007లో ఆ పని ఆగింది. కూలి పోయినవాళ్ళు ఏడ్చే ఉంటారు. కాని కొండలో మిగిలినది మిగిలింది.

ఇక మన సంగతి. గచ్చిబౌలి, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, కోకాపేటల రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అవీ అగ్ని బిడ్డలే. భూగర్భంలో కరిగిన శిల మెల్లగా చల్లారి గట్టిపడింది. పైనున్న మట్టీ రాయీ యుగాల తరబడి కొట్టుకుపోయాక అది బయటపడింది. ఎండ, వాన, గాలి దాని అంచులను అరగదీసి రాయి మీద రాయి పేర్చాయి. వీటి ముందు లిపారి నిన్నటి పసికూన. దానిని చూడటానికి మేము లక్షలు పోసి వెళ్ళాం. వీటిని మాత్రం జిలెటిన్ పెట్టి పేల్చి, పిండిచేసి, కాంక్రీటులో కలుపుకున్నాం. పేల్చిన గుంత పార్కింగు అయింది. ఆ పైన నా ఫ్లాటు, పద్నాలుగో అంతస్తు. బాల్కనీ నుంచి ‘రాక్ వ్యూ’ అని చెప్పి అమ్మారు. ఇప్పుడు ఎదుటి టవరు కనబడుతుంది.

“ఊరు పెరగవద్దా, ఉద్యోగాలు వద్దా?” అని అడుగుతారు. పెరగాలి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనందువల్లనే నావంటి పల్లెటూరివాడు నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు. ఆ మాట తెలిసే వాడాను. కాని రాయిని ఉంచి దాని చుట్టూ ఇల్లు కట్టడం అసాధ్యమేమీ కాదు. గోలకొండ కట్టినవాళ్ళు బండలను గోడలలో కలుపుకున్నారు, తీసి పారెయ్యలేదు. మనకు యంత్రాలున్నాయి, ఆ ఓపిక లేదు.

రక్షణ అసలే లేకపోలేదు. 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వాళ్ళు పోరాడుతున్నారు. దుర్గం చెరువు గుట్టలూ, శిల్పారామంలోని ‘బేర్స్ నోజ్’, విశ్వవిద్యాలయంలోని ‘మష్రూమ్ రాక్’ వారసత్వ జాబితాకెక్కాయి. ఆ జాబితాకు ఆధారమైన 13వ నిబంధనను 2015లో ప్రభుత్వం తొలగించింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వస్తే విద్యార్థులు అడ్డు నిలిచారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. మేము ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంటు వాట్సాప్‌లో వేసవి సెలవులకు ఏ ఓడ ఎక్కాలో చర్చించుకున్నాం.

ఆ జాబితాలో నన్ను బాధించేది ఇంకొకటుంది. రాళ్ళకు ఇంగ్లీషు పేర్లు! పశువులు కాసినవాళ్ళు, రాయి కొట్టి బతికిన వడ్డెరలు ఆ గుట్టలను ఏమని పిలిచారో ఎవరూ రాసిపెట్టలేదు. ఒకటి రెండు ఊరిపేర్లలో ఆ జ్ఞాపకం మిగిలి ఉందేమో. తెలుగులో రాస్తామని ఇక్కడ చేరిన మనం ఈ పనైనా చెయ్యలేమా? మీ వీధి చివర ఇంకా గుట్ట మిగిలి ఉంటే, అక్కడి పాత కాపరినో, గుడి పూజారినో అడిగి దాని పేరు రాసిపెట్టండి. కూల్చే ముందు పేరు చెప్పి కూల్చవలసి వస్తే కొంతమంది చెయ్యి అయినా వణుకుతుంది.

2003లో నేను ఉద్యోగంలో చేరినప్పుడు కార్యాలయం వెనక ఒకదానిపై ఒకటి నిలిచిన రెండు బండలుండేవి. వాటి నీడలో టీ బండి. నాలుగేళ్ళు రోజూ అక్కడే టీ తాగాను. ఒక సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి నేల చదునుగా ఉంది. లిపారి ఫోటోలు నా దగ్గర 412 ఉన్నాయి. ఆ బండలది ఒక్కటీ లేదు. వాటికి పేరుండేదో లేదో టీ బండి తాతను ఏనాడూ అడగలేదు.