ముందు సంచి కుట్టమ్మా, తర్వాతే జాకెట్టు

మా అక్క కూతురు దసమంతపూర్ నుంచి మొన్న ఫోన్ చేసింది. "పిన్నీ, కుట్టుమిషను కొనుక్కుందామనుకుంటన్నాను. మోటారుది కొనమంటావా, కాలిదా?" అని.

"ఏ మిషనైతే ఏటిగానీ, కొన్నాక మొదట ఏటి కుడతావో చెప్పు" అన్నాను.

"జాకెట్టే కదా పిన్నీ, ఇంకేటుంటాది?"

అదిగో, చాలామంది పిల్లలు చతికిలబడేది సరిగ్గా అక్కడే. మన ఇళ్ళల్లో కుట్టుపని అంటే జాకెట్టే. బయట కుట్టుకూలి మండిపోతోంది, ఇంట్లో కుట్టుకుంటే నాలుగు డబ్బులు మిగుల్తాయన్న ఆలోచన మంచిదే, కాదనను. కానీ ఒంటిమీద వేసుకునే బట్టల్లో జాకెట్టంత కష్టమైంది ఇంకోటి లేదు. మెడ వంపు, చంక వంపు, చెయ్యి వంపు, ఛాతీ దగ్గర డార్టులు, హుక్కుల పట్టీ, ఆపైన లైనింగు. చెయ్యి వంపునీ చంక వంపునీ బల్లమీద పక్కపక్కన పరిస్తే ఒకదానికొకటి పొందనే పొందవు. ఆ రెండింటినీ ఎక్కడా ముడత పడకుండా కలపాలంటే గుడ్డ మీద చెయ్యి తిరిగినవాళ్ళ వల్లే అవుద్ది. తిన్నగా ఒక గీత కుట్టడం రాని పిల్లని తీసుకెళ్ళి దాని మీద కూర్చోబెడితే ఏమవుద్ది? రెండు జాకెట్టుముక్కలు పాడవుతాయి, "నా వల్ల కాదు" అనేస్తుంది, మిషను మీద దుప్పటి కప్పేస్తారు. ఆ దుప్పటి మళ్ళీ తీసినవాళ్ళని నేను పెద్దగా చూళ్ళేదు. అందుకే నాకు ఇంత ఆరాటం.

"ముందు ఒక సూది, రెండు దారపు రీళ్ళు, అర మీటరు ముతక నేతగుడ్డ కొనుక్కో తల్లీ. మిషను సంగతి వచ్చే నెల చూద్దాం" అన్నాను. డీలాపడింది. ఫోన్‌లో గొంతు పట్టే తెలిసిపోయింది.

కానీ ఆ పిల్ల ఉన్న చోటు చూడండి! దసమంతపూర్ ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో బ్లాకు ఊరు. అక్కడినుంచి లక్ష్మీపూర్ మీదుగా రాయగడ దిగి, బిస్సంకటక్ దారి పడితే చాటికోన వస్తుంది. బుధవారం అక్కడ సంత. నియమగిరి కొండల మీంచి డొంగ్రియా కోందు ఆడవాళ్ళు ఆ సంతకి దిగుతారు. పైన కప్పుకునే శాలువా చూశారా ఎప్పుడైనా? కప్డాగండా అంటారు దాన్ని. ముతక తెల్లగుడ్డ డొంబు కులం నేతగాళ్ళు నేసిస్తే, దానిమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో వీళ్ళు సూదిపని చేస్తారు. పెళ్ళికాని పిల్లలు తమకోసం కుట్టుకుంటారు, మనసుపడ్డ కుర్రాడికి కుట్టిస్తారు, అన్నకీ నాన్నకీ కుట్టి కప్పుతారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆ శాలువా మీద ఉండేవి ఏమిటో చూడండి. గీతలు, త్రికోణాలు, మళ్ళీ గీతలు. త్రికోణాలు వాళ్ళ కొండలు. కుట్లు కూడా ఏవో మనకి రానివి కావు: రన్నింగ్ కుట్టు, కాడ కుట్టు, కాజా కుట్టు. ఇస్కూల్లో కుట్టు టీచరు నేర్పించిన వాటిలోవే. ఆ కాసిని కుట్లే పట్టుదలగా, వరసతప్పకుండా, ఒకే కొలతలో వేసుకుంటూ పోతే అంత అందం వచ్చింది. కుట్టు నేర్చుకునేవాళ్ళకి ఇంతకన్నా మంచి పాఠం ఏ తరగతిలో దొరుకుతుంది చెప్పండి. అందుకే మా పిల్లతో, "సంతకెళ్తే ఊరికే ధర అడిగి రాకు. వాళ్ళు చూపిస్తామంటే శాలువా తిరగేసి వెనకపక్క చూడు, దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చూడు" అన్నాను. పనిమంతుల పని వెనకపక్కే తెలుస్తుంది.

ముతకగుడ్డే ఎందుకు కొనమన్నానంటే, దాంట్లో పడుగూ పేకా కంటికి విడివిడిగా కనబడతాయి. పోగుల్ని లెక్కపెట్టుకోవచ్చు. మూడు పోగులు పైన, మూడు పోగులు కింద అనుకుని సూది నడిపిస్తే గీత గీసుకోకుండానే కుట్టు తిన్నగా వస్తుంది. కోట్‌పాడ్ నేతగుడ్డ దొరికితే ఇంకా బాగుణ్ణు గానీ, ఆల్ చెట్టు వేళ్ళ రంగు వేసిన ఆ గుడ్డని నేర్చుకోడానికి పాడుచెయ్యబుద్ధి కాదు. మామూలు చేనేత తువ్వాలు చాలు.

దారం చేతివేళ్ళ నుంచి మోచెయ్యి దాటి కొంచెం వచ్చేంత తీసుకోండి, అంతే. మాటిమాటికీ ఎక్కించక్కర్లేదని బారెడు తీస్తారు, అది చిక్కుపడి ముళ్ళు పడుతుంది. ఇంకో తిరకాసు ఉంది, షాపులో సూదులు కొనేటప్పుడు గుర్తుపెట్టుకోండి. చేతిసూదికి నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మిషను సూదికి నంబరు పెరిగేకొద్దీ లావెక్కుతుంది. జాకెట్టుగుడ్డలాంటి పల్చటి నూలుకి మిషను సూది 11 నంబరు, మామూలు గుడ్డకి 14, దళసరి గుడ్డకి 16, జీన్సులాంటిదానికి 18. ప్యాకెట్టు మీద 90/14, 100/16 అని రెండేసి అంకెలుంటాయి, రెండూ ఒక సైజే.

నెల తిరిగింది. తువ్వాలు నాలుగంచులా హెమ్మింగు చేసి ఫోటో పంపింది మా పిల్ల. ఒకవైపు కుట్లు పొడుగు, ఇంకోవైపు పొట్టి, అయినా నాలుగో అంచుకొచ్చేసరికి చెయ్యి కుదురుకుందని చూస్తేనే తెలుస్తోంది. "ఇప్పుడు కొనుక్కో మిషను" అన్నాను.

మోటారా, కాలిదా అంటే, నేర్చుకునేవాళ్ళకి నా ఓటు కాలి మిషనుకే. కొండమీద ఊరు, గాలీవానా వస్తే కరెంటు పోతుంది, అదొకటి. అసలు సంగతి వేరే. మోటారు పెడల్ మీద కాలు కొంచెం గట్టిగా పడితే గుడ్డ పరిగెత్తేస్తుంది, కొత్తవాళ్ళు బెదిరిపోతారు. కాలి మిషనులో వేగం మన చేతిలో, కాదుకాదు, మన కాల్లో ఉంటుంది. చెయ్యి తిరిగాక మోటారు బిగించుకోవచ్చు, అదే మిషనుకి పడుతుంది. మంచి కండిషన్లో ఉన్న పాత మిషను దొరికినా వదలద్దు.

కుట్టుమిషనంటే గుర్తొచ్చింది, గాంధీగారి సంగతి తెలుసుగా, మిల్లులంటే పడదు ఆయనకి. 1924లో ఎవరో అడిగారు, అన్ని యంత్రాలనీ వద్దంటారా అని. సింగర్ కుట్టుమిషనుని మినహాయించారాయన. భార్య చేత్తో కుట్టలేక అవస్థపడుతుంటే చూడలేక సింగర్ దాన్ని చేశాడన్న కథ ఆయనకి నచ్చింది. ఆ మిషను వెనక ప్రేమ ఉందన్నారు. ఆ కథ ఎంతవరకు నిజమో గానీ, నాకు ఆ మాట ఎప్పుడూ ఇష్టమే.

మిషను ఇంటికొచ్చిన రోజునే దారం ఎక్కించొద్దు. చక్రం మధ్యలో ఒక గుండ్రటి మర ఉంటుంది, దాన్ని వదులు చేస్తే చక్రం తిరుగుతుంది గానీ సూది ఆడదు. అలా పెట్టుకుని కాళ్ళకి అలవాటు చెయ్యండి. చెప్పులు వద్దు. చక్రం పైభాగం ఎప్పుడూ మనవైపుకే తిరగాలి. వెనక్కి తిరిగిందంటే దారం తెగుద్ది, కింద చిక్కుపడుద్ది. అందుకే ముందు కుడిచేత్తో చక్రాన్ని మనవైపుకి ఒక్క తిప్పు తిప్పి, దాని ఊపు మీద కాళ్ళు ఆడించాలి. ఆపాలన్నా చేత్తో చక్రం పట్టుకోవాలి. వినడానికి చిన్నదే, కాళ్ళూ చేతులూ ఒకమాట మీదకి రావడానికి రోజులు పడుతుంది.

తర్వాత మర బిగించి, అరిగిపోయిన పాత సూది పెట్టి, దారం లేకుండా రూళ్ళ నోటుపుస్తకం కాగితం మీద కుట్టండి. రూళ్ళమీదే చిల్లులు పడాలి. అది వచ్చాక చతురస్రం. మూల దగ్గర సూదిని కాగితంలో దించి, పాదం ఎత్తి, తిప్పి, మళ్ళీ పాదం దించాలి. ఆఖర్న నత్తగుల్లలా చుట్టలు చుట్టుకుపోయే గీత. ఇంటి పిల్లల పాత పుస్తకాలు ఈ పనికి బంగారం.

ఇప్పుడు దారం. చేతిసూదికి కన్ను వెనక ఉంటుంది, మిషను సూదికి మొన దగ్గర. 1846లో ఎలియాస్ హోవే పేటెంటు తీసుకున్న మిషను నడిచింది ఆ మొన దగ్గరి కన్నుతోనే. సూది గుడ్డలోంచి దిగి వెనక్కి లేస్తుంటే పైదారం చిన్న ఉచ్చులా వదులవుతుంది, షటిల్ దాన్ని అందుకుని కింద బాబిన్‌లో ఉండే దారం చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ గుడ్డ మందం మధ్యలో పెనవేసుకోవాలి. ఇది బుర్రకెక్కితే మిషను పెట్టే పేచీలు సగం మీరే తీర్చుకోవచ్చు. పైన ఎర్రదారం, బాబిన్‌లో నీలిదారం వేసి గుడ్డపీలిక మీద కుట్టి చూడండి. నీలం పైకి పొడుచుకొస్తే పైన టెన్షను బిగువెక్కువ. ఎరుపు కిందపక్క ఉచ్చులుగా వేలాడితే పైన వదులెక్కువ, లేదా దారం టెన్షను బిళ్ళల మధ్య సరిగ్గా కూర్చోలేదు. చాలామంది కింద చిక్కు చూసి బాబిన్‌ని తిట్టుకుంటారు, తప్పేమో పైదారానిది. ఇంకోటి, సూదికి ఒకపక్క నిలువుగా గాడి ఉంటుంది, గోరుతో తడిమితే తెలుస్తుంది. దారం ఆ గాడి వైపు నుంచే కన్నులోకి వెళ్ళాలి. సూది తిరగబడి పెడితే కుట్లు తప్పిపోతాయి, మిషను పాడైందని మెకానిక్కి డబ్బులిస్తారు పాపం.

మొదటి వస్తువుగా సంచి కుట్టమన్నాను. సంతకెళ్ళే ఊళ్ళో సంచికన్నా పనికొచ్చేది ఏముంది? ముందు గుడ్డని తడిపి ఆరేసి ఇస్త్రీ చేసుకోవాలి. నూలుగుడ్డ ముడుచుకుంటుంది, కుట్టాక ముడుచుకుంటే చేసేదేమీ లేదు. 39 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు ముక్క. పొడవు పడుగు వెంబడి రావాలి, అంటే గుడ్డ అంచుకి సమాంతరంగా. బరువు మోసేది పడుగే. రెండు కొసల్లోనూ ముందు అర అంగుళం, దానిమీద అంగుళం మడిచి కుట్టేస్తే పొడవు 36 మిగుల్తుంది. మంచిపక్కలు లోపలికి పెట్టి మధ్యకి మడిచి, రెండు పక్కలా అర అంగుళం వదిలి కుడితే 18 అంగుళాల లోతు, 14 అంగుళాల వెడల్పు సంచి. కాడలకి నాలుగంగుళాల వెడల్పు పట్టీలు రెండు, ఒక్కోటీ 22 అంగుళాల పొడవు. పట్టీని నిలువునా నాలుగు పొరలు మడిస్తే అంగుళం వెడల్పు కాడ వస్తుంది. కాడని సంచికి అతికే చోట ఒక్క గీత కుట్టి వదిలేస్తే కందగడ్డలు వేసిన రోజున ఊడి చేతికొస్తుంది. చతురస్రంలా నాలుగువైపులా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులాగా మూల నుంచి మూలకి కుట్టాలి. బరువు నాలుగు మూలలకీ సర్దుకుంటుంది.

ఈ ఒక్క సంచిలో తిన్నటి కుట్టుంది, మడత ఉంది, మూల తిరగడం ఉంది, బరువెక్కడ పడుతుందో ఆలోచించడం ఉంది. తర్వాత గలీబులు, ఆ తర్వాత చీరకిందకి లంగా, చిన్నపిల్లలకి చేతుల్లేని గౌను. గౌను మెడ దగ్గర వంపు మొదటిసారి ఎదురౌతుంది. వంపు కుట్టాక లోపలి అంచుకి చిన్నచిన్న గాట్లు పెట్టాలి, కుట్టు తెగకుండా. అప్పుడే తిరగేస్తే మెడ చదునుగా కూర్చుంటుంది.

అప్పుడు జాకెట్టు. ఒంటికి బాగా పట్టిన పాత జాకెట్టు ఒకటి బ్లేడుతో జాగ్రత్తగా కుట్లు విప్పి, ముక్కలు ఇస్త్రీ చేసి న్యూస్‌పేపరు మీద పరిచి గీసుకోండి. ఏ ముక్క ఎక్కడిదో, లోపల ఎంత గుడ్డ వదిలారో విప్పుతూనే రాసుకోవాలి. ఇంతకన్నా నమ్మకమైన కొలత ఏ పుస్తకంలోనూ ఉండదు, అది మీ ఒంటి కొలత కాబట్టి.

చలికాలం గురించి కూడా మా పిల్లకి ఒకటి చెప్పాను, ఎందుకంటే కోరాపుట్ చలి మైదానంలో వాళ్ళకి తెలీదు. పొద్దున్నే మిషను బిగుసుకుపోయి ఉంటుంది, లోపలి నూనె చిక్కబడిపోతుంది. బలవంతంగా తొక్కొద్దు. ఎండ ముఖం చూపించి, చిల్లుల్లో రెండేసి చుక్కల మిషనాయిల్ వేసి, దారం తీసేసి కాసేపు ఉత్తినే ఆడించి, పాత గుడ్డ మీద కుట్టి నూనె మరక పోయాకే అసలు పని. వానాకాలం చెమ్మకి తుప్పు పడుతుంది, పాదం కింద ఎప్పుడూ ఒక గుడ్డముక్క పెట్టి ఉంచాలి.

"ఇంట్లో నేర్చుకుంది చాలదు పిన్నీ, నలుగురికీ కుట్టిపెట్టి సంపాదించుకోవాలని ఉంది" అంటోందిప్పుడు. అలా అనుకునేవాళ్ళకి దారి ఉంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు జిల్లాకొకటి చొప్పున ఉంటాయి. 1982లో కర్ణాటకలో ఉజిరె అనే ఊళ్ళో మొదలైన పద్ధతి అది. ఆడవాళ్ళ బట్టల కుట్టు సుమారు నెలరోజులు నేర్పిస్తారు, ఉండడం, తిండి అంతా ఉచితం, 18 నిండి ఉండాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు: శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 దాకా, ఆపైన 5 శాతం వడ్డీకి అప్పు. కాకపోతే అది ఇప్పటికే ఆ పని చేసుకుంటున్నవాళ్ళకి. కాబట్టి ముందు నెలరోజుల శిక్షణకి పేరు రాయించుకో, ఊళ్ళో పదిమందికి కుట్టిపెట్టు, తర్వాత విశ్వకర్మకి కామన్ సర్వీస్ సెంటర్లో పేరు నమోదు చేయించుకో అన్నాను. శిక్షణకి వెళ్ళేటప్పుడు నీ సొంత కత్తెర పట్టుకెళ్ళు, దాంతో కాగితం మాత్రం ఎవర్నీ కొయ్యనివ్వకు, పదును చచ్చిపోతుంది అని కూడా చెప్పాను.