పరుపు ఎండ చూసి ఎన్నాళ్లయింది?

పిల్లాడు మంచం దిగీ దిగకముందే తుమ్ములు మొదలవుతాయి. ఒకటీ రెండూ కాదు, వరసగా ఎనిమిదో తొమ్మిదో. ముక్కు నలుపుకుంటూ, కళ్లు ఎర్రగా చేసుకుని బాత్‌రూమ్‌లోకి వెళతాడు. స్కూలు ఆటో వచ్చేసరికి అంతా సద్దుమణుగుతుంది. సాయంత్రం దాకా ఏమీ ఉండదు. మర్నాడు ఉదయం మళ్లీ అదే వరస. నాయనమ్మ ఐస్‌క్రీమ్‌ను తిడుతుంది. తాతయ్య ఫ్యాను తగ్గించమంటాడు. అమ్మ పెరుగు మానిపిస్తుంది. పెరుగు మానేసి నెలయినా తుమ్ములు మానవు. రాత్రంతా ఆ ముక్కు దేనికి ఆనుకుని ఉందో మాత్రం ఎవరికీ తట్టదు.

దిండుకు!

మన ఇళ్లలో శుభ్రానికి లోటేమీ లేదు. తెల్లారగానే వాకిలి ఊడ్చి ముగ్గు పడాలి. స్టీలు గిన్నెలు తళతళలాడాలి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి ఉతుకుతారు. మరి గలీబు లోపలి దిండు? దుప్పటి కింది పరుపు? కిటికీకి వేలాడే కర్టెను, రోజంతా అందరూ కూర్చునే సోఫా? సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేటప్పుడు వాటికీ నాలుగు దెబ్బలు తగులుతాయి, అంతే. పెళ్లినాడు కొన్న పరుపు మీదే పిల్లలు పుట్టి, పెరిగి, కాలేజీ హాస్టలుకు వెళ్లిపోయిన ఇళ్లు బోలెడు. ఆ పరుపును ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మేడ మీదికి ఎక్కించారని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

కుట్టదు, కానీ తుమ్మిస్తుంది

పరుపులో పురుగు అనగానే నల్లి గుర్తొస్తుంది. ఇది నల్లి కాదు. డస్ట్ మైట్ అంటారు, దుమ్ము పురుగు అనుకోవచ్చు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు కాబట్టి కంటికి ఆనదు. కుట్టదు, రక్తం తాగదు. మన ఒంటి మీది నుంచి రోజూ రాలే చర్మపు పొట్టే దాని తిండి. నీళ్లు తాగే పని కూడా లేదు, గాలిలోని తేమనే పీల్చుకుంటుంది. ఒంటి వెచ్చదనం, చెమట, పొట్టు... మూడూ ఒకేచోట దొరికేది పడకలోనే. ఇంతకంటే మంచి ఇల్లు దానికి మరొకటి లేదు.

ఇంట్లోని దుమ్ము పడకపోవడానికీ ఈ పురుగుకూ ఉన్న సంబంధాన్ని హాలెండ్‌లోని లైడెన్ పరిశోధకులు 1964లో బయటపెట్టారు. అసలు బాధ పురుగుతో కాదు, అది వేసే రెట్టతో. అందులోని ప్రొటీన్ కొందరి ఒంటికి సరిపడదు. అటు ఇటు దొర్లినప్పుడు అది దిండులోంచి లేచి నేరుగా ముక్కులోకి వెళుతుంది. పొద్దున్నే వచ్చే తుమ్ములకు ఒక కారణం ఇదే. ఉబ్బసం ఉన్న పిల్లలకైతే తుమ్ములతో ఆగకపోవచ్చు.

అలాగని ప్రతి తుమ్మునూ దిండు ఖాతాలో వేయకూడదు. రాత్రిపూట దగ్గు, ఛాతీలో పిల్లికూతలు, ఆడుతుంటే ఆయాసం కనిపిస్తే డాక్టరుకు చూపించాల్సిందే. ఇన్‌హేలర్ వాడమన్నవారు పరుపు ఎండలో వేశాం కదా అని దాన్ని పక్కన పడేయడం ప్రమాదం.

ఎండ చేసే పని

పాతకాలంలో వేసవి వచ్చిందంటే ఇంట్లోని పరుపులు, బొంతలు, దిండ్లు అన్నీ డాబా ఎక్కేవి. మధ్యాహ్నం తిరగేసి, సాయంత్రం కర్రతో బాది లోపలికి తెచ్చేవారు. ఎందుకని అడిగితే ‘ముక్కవాసన పోతుంది’ అనేవారు. పురుగు సంగతి వారికి తెలియకపోయినా చేసిన పని మాత్రం సరైనదే. ఈ పురుగుకు వేడీ పడదు, పొడి గాలీ పడదు. ఎండ రెండూ ఇస్తుంది. నేల మీద పరిచే తివాచీలను కొన్ని గంటలు మండుటెండలో వేస్తే వాటిలోని పురుగులన్నీ చచ్చిపోయాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 1994లో గమనించారు.

అయితే చచ్చిన పురుగు రెట్ట పరుపులోనే ఉండిపోతుంది కదా! అందుకే ఎండబెట్టాక కర్రతో బాదడం, దులపడం, వీలైతే వాక్యూమ్ క్లీనర్ పెట్టడం. బాదే పని డాబా మీదే చేయాలి, గదిలో కాదు. తుమ్ములొచ్చే మనిషి చేత అసలే చేయించకూడదు. చేసేవారు కూడా ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మేలు.

ఊరిని బట్టి లెక్క మారుతుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు గాలి పొడిపొడిగా ఉంటుంది. పరుపు ఒక్క పూటలో గలగలా ఎండిపోతుంది. విశాఖపట్నం, కాకినాడల్లో అలా కుదరదు. ఎండ ఎంత ఉన్నా గాలిలో తేమ తగ్గదు. అక్కడ పొద్దు బాగా ఎక్కాక, పదింటికి వేసి మూడింటికల్లా తీసేయాలి. సముద్రపు గాలి తగిలేదాకా ఉంచితే ఎండిన పరుపు మళ్లీ చెమ్మ పట్టుకుంటుంది. వానాకాలంలో ఎక్కడైనా సరే, తెరిపి ఇచ్చిన రోజును వదులుకోకూడదు.

ఇంకొక చిన్న సంగతి. లేవగానే పక్క సర్దడం మంచి అలవాటని పిల్లలకు నేర్పిస్తాం. సర్దడం మంచిదే, లేవగానే కాకపోతే ఇంకా మంచిది. రాత్రంతా పట్టిన చెమట ఇంకా ఆరి ఉండదు. దుప్పటి వెనక్కి మడిచి, కిటికీ తెరిచి, ఫ్యాను వేసి ఓ అరగంట వదిలేయాలి. టిఫిన్ తిన్నాక సర్దుకోవచ్చు.

అన్ని పరుపులూ ఒకటి కాదు

పత్తి పరుపు, బూరుగు దూది దిండు ఎండకు పుట్టినవే. బూరుగు పీచు లోపల బోలుగా, పైన మైనం పూత ఉన్నట్టు ఉంటుంది. నీటిని పట్టదు, తేలుతుంది. ఒకప్పుడు పడవల్లో వాడే లైఫ్ జాకెట్లలో దీన్నే కూరేవారు. ఈ దిండును నీళ్లలో ముంచితే ఉండకట్టి పాడవుతుంది. ఎండలో వేసి చూడండి, గంటకే పొంగిన పూరీలా లేస్తుంది.

ఫోమ్, రబ్బరు పరుపులకు మాత్రం ఎండ శత్రువు. మండుటెండలో వేస్తే పసుపు రంగుకు తిరిగి, మెల్లగా పొడిపొడిగా రాలిపోతుంది. కొబ్బరి పీచు పరుపులోనూ పీచును పట్టి ఉంచేది రబ్బరే. వీటిని గాలి ఆడే నీడలో గోడకు నిలబెట్టాలి. పైకవరు విప్పి ఉతికి, పరుపును వాక్యూమ్ చేయాలి. నెలా రెణ్నెల్లకోసారి తలవైపును కాళ్లవైపుకు మార్చాలి. పాలియెస్టర్ కూరిన దిండ్లు చాలావరకు ఉతకవచ్చు. అంచున కుట్టిన చీటీ చూసి మెషీన్‌లో వేస్తే సరి. ఎండిందీ లేనిదీ తెలియాలంటే పైన తడిమితే చాలదు, మధ్యలో గట్టిగా నొక్కి చూడాలి. లోపల చెమ్మ మిగిలితే బూజు పడుతుంది, అది తుమ్ములకు మరో కారణం.

దుప్పట్లు, గలీబుల మాటకొస్తే, చన్నీళ్లలో ఉతికితే రెట్ట చాలామటుకు కొట్టుకుపోతుంది, పురుగు మాత్రం చావదు. దానికి 55 నుంచి 60 డిగ్రీల వేడి కావాలి. మెషీన్‌లో ఆ సదుపాయం ఉంటే తెల్లటి నూలు దుప్పట్లకు వాడుకోవచ్చు. లేనివారికి మంచి ఎండ, ఆపైన వేడి ఇస్త్రీ.

బజారులో పురుగు దూరని కవర్లని పరుపులకు, దిండ్లకు అమ్ముతున్నారు. కొనాలా వద్దా? బ్రిటన్‌లో 1,122 మంది పెద్దవాళ్ల మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో కవర్లు తొడిగినంత మాత్రాన ఉబ్బసం తగ్గలేదు. ఆ దేశంలోనే 284 మంది పిల్లల మీద చేసి 2017లో ప్రచురించిన మరో అధ్యయనంలో మాత్రం, ఈ పురుగు పడని పిల్లలు ఉబ్బసం ముదిరి ఆస్పత్రికి పరిగెత్తాల్సిన అవసరం తగ్గింది. అంటే పిల్లాడికి పడనిది ఈ పురుగేనని పరీక్షలో తేలితే ఆ ఖర్చుకు అర్థం ఉంది. ఊరికే భయపడి ఇల్లంతటికీ కొనేయనక్కర్లేదు.

సోఫా మీద పప్పుచారు

ఇప్పుడు భోజనాలు టీవీ ముందే కాబట్టి సోఫాకు పసుపు మరక తప్పదు. పడగానే సబ్బు రుద్దితే పసుపు కాస్తా ఎర్రబడుతుంది. కంగారు పడక్కర్లేదు. సబ్బులోని క్షారం వల్ల రంగు మారింది, అంతే. ముందు చెంచాతో ఎత్తేసి, తడిగుడ్డతో అద్దాలి. రుద్దకూడదు. అంచుల నుంచి మధ్యకు అద్దుకుంటూ రావాలి, లేదంటే రూపాయంత మరక పళ్లెమంత అవుతుంది. పసుపు రంగు ఎండకు నిలవదు. విప్పి ఉతికే కవరైతే ఉతికి రెండు మూడు రోజులు ఎండలో ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది.

తల ఆనించే చోట నల్లగా జిడ్డు కడుతుంది. కొబ్బరినూనె మహిమ! అక్కడ శనగపిండి గానీ టాల్కమ్ పౌడర్ గానీ చల్లి, గంటాగి దులిపి, ఆ తర్వాత సబ్బునీళ్ల గుడ్డతో తుడవాలి. ముందే నీళ్లు పోస్తే జిడ్డు లోపలికి దిగుతుంది. తల ఆనించే చోట పాతకాలంలో కుర్చీలకు వేసినట్టు ఓ చిన్న గుడ్డ పరిస్తే అన్నిటికంటే సుఖం. పాలు, రక్తం, గుడ్డు మరకలకు వేడినీళ్లు తగలకూడదు. చన్నీళ్లే.

పసిపిల్లలు పక్క తడిపితే వెంటనే పొడిగుడ్డతో అదిమి పీల్చేయాలి. ఆపైన చన్నీళ్లు, కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లు అద్ది గాలికి ఆరబెట్టాలి. అక్కడ బ్లీచింగ్ వాడితే మాత్రం ముప్పే. వెనిగర్‌తో కలిసినా, మూత్రంలోని అమ్మోనియాతో కలిసినా ఊపిరి ఆడనివ్వని విషవాయువులు పుడతాయి.

కర్టెన్ల సంగతి సులువు. వారానికోసారి పైనుంచి కిందికి దులిపి, మూణ్నెల్లకోసారి ఉతికితే చాలు. ఎండ రానివ్వకుండా వెనక పూత వేసినవి ఉంటాయి, వాటికి వేడినీళ్లు, పూత మీద ఇస్త్రీ పనికిరావు. నూలు కర్టెన్లను కాస్త తడి మీదే తగిలిస్తే ముడతలు వాటంతటవే పోతాయి.

కలరా ఉండలు వేశారా?

చలికాలం కంబళ్లు, బొంతలు దాచేటప్పుడు బీరువాలో గుప్పెడు కలరా ఉండలు వేయడం రివాజు. ఆ దుప్పటినే తీసి పసిబిడ్డకు చుట్టడమూ రివాజే. ఇది చాలా ప్రమాదం. ఆ ఉండలు నాఫ్తలీన్‌తో చేసినవైతే, జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకు దాని ఘాటు వల్ల రక్తకణాలు చితికిపోయి, తీవ్రమైన కామెర్లు రావచ్చు. ఈ లోపం మన దేశంలో అరుదేమీ కాదు, పరీక్ష చేయిస్తే తప్ప బయటికి కనిపించదు. పురుడు వచ్చే ఇంట్లో వీటి ఊసే వద్దు. దాచిన బట్టలు ఉంటే ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండకూ గాలికీ ఆరేసిన తర్వాతే బిడ్డ దగ్గరికి తేవాలి.

నిజానికి ఉన్ని, పట్టు తినే పురుగుల కోసం పుట్టిన ఉండలివి. నూలు బొంతకు వాటి అవసరమే లేదు. ఉతికి, బాగా ఎండబెట్టి, చల్లారాక పాత నూలు చీరలో మూటకట్టి పెడితే చాలు. ప్లాస్టిక్ కవరులో వేడివేడిగా కుక్కితే లోపల చెమ్మ పడుతుంది.

దూది అణగారిపోయిన పత్తి పరుపును పారేయకముందు ఏకించే వాళ్లకోసం వాకబు చేయాలి. వింటితో ఏకే వాళ్లు తగ్గినా, మెషీను మీద ఏకే దుకాణాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. దూదిలోని దుమ్మంతా అక్కడే పోతుంది. పాత దూదిని తూచి ఇచ్చి, తూచి తెచ్చుకోవాలి. దుమ్ము పోతుంది కాబట్టి కొంచెం తగ్గడం సహజం. అసలు తగ్గకపోయినా, సగానికి తగ్గినా అడగాల్సిందే. గుడ్డ మాత్రం కొత్తది కుట్టించడం మంచిది.

ఇక పిల్లాడు రోజూ కౌగిలించుకుని పడుకునే బొచ్చు ఎలుగుబంటి. దిండులో ఉన్నవన్నీ అందులోనూ ఉంటాయి. వేడినీళ్లలో ఉతికితే బొచ్చు పాడవుతుంది, ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లోని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, ఆపైన చన్నీళ్లలో ఉతికి ఆరేస్తే పురుగూ చస్తుంది, బొమ్మా దక్కుతుంది. పెట్టేముందు నాయనమ్మతో ఓ మాట చెప్పడం మంచిది. ఐస్ కోసం తలుపు తీసిన ఆవిడ బఠానీల పక్కన గుడ్లప్పగించి చూస్తున్న ఎలుగుబంటిని చూసి హడలిపోతుంది.