ఊరి బడి ఊరందరి చావడిగా

దేశంలోని బడులన్నింటి వివరాలనూ ఏటా నమోదు చేసే కేంద్ర విద్యాశాఖ గణాంక వ్యవస్థ పేరు యూడైస్. 2024-25 విద్యాసంవత్సరానికి అది వెల్లడించిన లెక్కల ప్రకారం ఒక్క విద్యార్థి కూడా లేని బడులు దేశంలో దాదాపు 8 వేలు ఉండగా, వాటిలో 2,245 తెలంగాణలోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు ఉత్తర్వు 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించే ఏర్పాటు చేయడంతో అక్కడి ప్రాథమిక పాఠశాలల్లోనూ గదులు ఖాళీ అయ్యాయి. తాళం పడిన ఈ కట్టడాలను ఏం చేయాలన్న ప్రశ్న ఇప్పుడు గ్రామసభల ముందుకు రావలసి ఉంది.

జపాన్ ఈ ప్రశ్నను మనకంటే ముందే ఎదుర్కొంది. పిల్లల సంఖ్య తగ్గి వేల బడులు మూతపడిన ఆ దేశంలో విద్యాశాఖ 2010లో ఒక ప్రత్యేక కార్యక్రమం చేపట్టి, ఖాళీ భవనాల వివరాలను బహిరంగంగా ప్రకటించి, వాటిని వాడుకోదలచిన వారిని స్థానిక సంస్థలతో కలుపుతోంది. కోచి ప్రాంతంలోని మురోతో పట్టణంలో 2006లో మూతపడిన ఒక ప్రాథమిక పాఠశాల 2018లో జలచరాల ప్రదర్శనశాలగా తెరుచుకుంది. అయితే ఆ అనుభవాన్ని తెలుగు నేలకు యథాతథంగా తేవడం పొరపాటవుతుంది. ఇక్కడ కూడా జననాల రేటు తగ్గి, ఒక మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య రెండుకు దిగువకు చేరినా, చాలా ఊళ్లలో బడి ఖాళీ కావడానికి అసలు కారణం పిల్లలు లేకపోవడం కాదు, ఉన్న పిల్లలు ఉదయాన్నే ప్రైవేటు బడి బస్సెక్కి పొరుగూరికో పట్నానికో వెళ్లిపోవడం. అందువల్ల భవనాన్ని ఊరందరి సామాజిక కేంద్రంగా మార్చే ముందు బడిని నిలబెట్టే ప్రయత్నం నిజంగా జరిగిందా అని అడగడం ఊరివారి హక్కు. చిన్నపిల్లలకు కిలోమీటరు దూరంలో బడి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం కింద వచ్చిన నియమాలు చెబుతున్నాయి కాబట్టి, సామాజిక కేంద్రం పేరు బడిని మూసేందుకు సాకు కాకూడదు.

ఆ ప్రయత్నం ఫలించని చోట మాత్రం తాళం వేసి వదిలేయడానికి మించిన తప్పు లేదు. వానకు స్లాబు పెచ్చులూడి, కిటికీ రెక్కలు పోయి, ఆవరణ చెత్తకుప్పగా మారేదాకా చూస్తూ ఊరుకోవడం ఊరి ఉమ్మడి సొత్తును పారేసుకోవడమే. ప్రభుత్వ బడులు రాకముందు వీధిబడి, అంటే పంతులు సొంతంగా నడుపుకొన్న చదువు, అరుగుల మీద, గుడి మండపాల్లో, సత్రాల్లో సాగింది కనుక బడి మొదట ఊరి ఉమ్మడి చోటులోనే పుట్టిందని చెప్పాలి. ఆ తరువాత ఎన్నో ఊళ్లలో దాత ఇచ్చిన స్థలం మీద, ఊరివారి చందాలతో, శ్రమదానంతో గదులు లేచాయి. 1987లో ఆరంభమైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం ప్రతి ప్రాథమిక పాఠశాలకూ అన్ని కాలాల్లో పనికివచ్చే రెండు పెద్ద గదులు, లోతైన వరండా ఉండాలని నిర్దేశించింది. సభకు, చదువుకు, వైద్య శిబిరానికి అంతకంటే అనువైన నిర్మాణం పల్లెల్లో అరుదు. ఎన్నికల్లో ఓట్లు పడేదీ, వరదలప్పుడు జనం తలదాచుకునేదీ చాలాచోట్ల ఆ గదుల్లోనే.

ఇంతకంటే బలమైన కారణం మరొకటి ఉంది. మన పల్లెల్లో సామాజిక భవనాలు లేకపోలేదు గానీ, వాటిలో అధికభాగం ఒక్కొక్క కులం పేర, ఆ వాడలో, ఆ వాడవారికే పరిమితమై ఉన్నాయి. అన్ని వాడల పిల్లలూ ఒకే కప్పు కింద కూర్చున్న గది ఊరి మొత్తంలో బడి ఒక్కటే. ఆ గదిని పెళ్లిళ్లకు అద్దెకిచ్చే మండపంగానో, ఏదో ఒక వర్గం కార్యాలయంగానో మార్చితే ఊరు తనకున్న ఒకే ఒక్క ఉమ్మడి చోటును కోల్పోతుంది. సామాజిక కేంద్రం అనదగినది ఎవరి అనుమతీ అడగకుండా ఎవరైనా వచ్చి కూర్చోగలిగేది, ముఖ్యంగా ఇంటి గడపకూ రచ్చబండకూ నడుమ తమదైన చోటు దొరకని స్త్రీలకు తలుపు తెరిచేది.

దాని నడిబొడ్డున గ్రంథాలయం ఉండాలన్నది ఈ పత్రిక నిశ్చితాభిప్రాయం. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. 1935లో పాతూరి నాగభూషణం కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. అంతటి ఉద్యమం నడిపిన నేలకు ఖాళీ గదుల్లో పుస్తకం పెట్టడం కొత్త ఆలోచన కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నును గ్రామస్థులు ఇప్పటికే చెల్లిస్తున్నారు కాబట్టి, ఆ సొమ్ములో తమ ఊరి వాటా పుస్తకాలుగా, దినపత్రికలుగా తిరిగిరావాలని కోరడం దేబిరింపు కాదు.

ఆచరణలో కొన్ని చిక్కులున్నాయి. భవనం సాధారణంగా మండల పరిషత్తుది, స్థలం ఒక్కోచోట రిజిస్ట్రేషనే లేని దానం, కనుక యాజమాన్యం తేల్చుకోకుండా గోడకు సున్నం వేసినా తరువాత వివాదం తప్పదు. కప్పు బలం గురించి పంచాయతీరాజ్ ఇంజనీర్ల ధ్రువీకరణ, రాత్రిపూట దీపాలు, స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు, వృద్ధుల కోసం మెట్ల పక్కన వాలుదారి మొదటి ఖర్చుగా భావించాలి. బడి అడ్మిషన్ రిజిస్టరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జనన నమోదు లేని తరాలకు పుట్టినతేదీ రుజువు ఆ పుస్తకమే కాబట్టి, దాన్ని బాధ్యత గల పాఠశాలకు లేదా మండల విద్యాధికారికి రసీదుతో అప్పగించాలి.

117వ నంబరు ఉత్తర్వు మూడేళ్లకే 2025లో రద్దయింది. విధానాలు ఇంత త్వరగా మారే చోట, పిల్లలు తిరిగి వస్తే గదులు మళ్లీ బడికే చెందుతాయన్న షరతును గ్రామసభ తీర్మానంలోనే రాయించుకోవాలి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలు పాఠశాలలనూ గ్రంథాలయాలనూ పంచాయతీలకు అప్పగించదగిన అంశాలుగా పేర్కొన్నందున ఈ చర్చకు తగిన వేదిక గ్రామసభే. తాళం పడిన బడి ఉన్న ప్రతి ఊరి పాఠకులూ రాబోయే గ్రామసభలోనే ఈ అంశాన్ని లేవనెత్తి, తీర్మానం రాతపూర్వకంగా నమోదయ్యేదాకా పట్టుబట్టాలని ఈ పత్రిక విజ్ఞప్తి చేస్తోంది.